నడిస్తే బలం ఖర్చయిపోదు, పెరుగుతుంది
(కండరాలలోని మైటోకాండ్రియా గురించి ఒక ఆరోగ్య పాఠం)



ఔట్ పేషెంట్ విభాగంలో డాక్టరుగారు మందుల చీటీ రాసి, చివర "రోజూ అరగంట నడవండి" అని చెప్పగానే చాలామంది ముఖాలు మారిపోతాయి. బయటకు వచ్చి మందుల కౌంటరు దగ్గర నిలబడిన సిస్టరుతో మెల్లగా అంటారు: "నాకు అసలే ఓపిక లేదు సిస్టరమ్మా. ఉన్న కాస్త బలం కూడా నడిచి పోగొట్టుకోమంటారా?"

ఈ మాట అమాయకంగా అన్నది కాదు. మనలో చాలామంది నమ్మకం ఇదే. బలం అంటే గాదెలో పోసుకున్న ధాన్యం లాంటిదనీ, వాడుకుంటే తరిగిపోతుందనీ, కదలకుండా కూర్చుంటే మిగిలి ఉంటుందనీ అనుకుంటాము. అందుకే ఇంట్లో ఎవరికైనా షుగరు వచ్చినా, కాస్త వయసు మీద పడినా "నువ్వు కూర్చో, మేము చేస్తాము" అంటాము. ప్రేమతో అన్న ఆ మాటే కొన్ని నెలల్లో ఆ మనిషిని నిజంగానే ఓపిక లేనివాడిగా చేస్తుంది.

ఎందుకు అలా జరుగుతుందో తెలుసుకోవాలంటే మన కండరాల లోపలికి ఒకసారి వెళ్ళి చూడాలి. ఈ పాఠం దాని గురించే.

కండరంలో శక్తి ఎక్కడ పుడుతుంది?

మన తొడ, పిక్క, చేయి కండరాలన్నీ సన్నని పొడవైన కండర కణాలతో తయారయ్యాయి. కండరం ముడుచుకోవాలంటే ఏ.టి.పి. అనే పదార్థం కావాలి. కండరంలో నిలవ ఉండే ఏ.టి.పి. కొన్ని సెకన్ల పనికి మాత్రమే సరిపోతుంది. కాబట్టి మనం మెట్లు ఎక్కుతున్నా, బిందె మోస్తున్నా అది ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉండాలి.

దానిని తయారుచేసే చోటే మైటోకాండ్రియా. ఇవి కంటికి కనిపించనంత చిన్నవి. బడి పుస్తకాలలో వీటిని కణానికి శక్తి భాండాగారాలు అని చదువుకున్నాము. కానీ ఇవి శక్తిని దాచిపెట్టే గదులు కావు. వీటిని పొయ్యిలు అనుకుంటే సులభంగా అర్థమవుతుంది. మనం తిన్న అన్నం నుండి వచ్చిన గ్లూకోజు, మన ఒంట్లో ఉన్న కొవ్వు ఈ పొయ్యిలకు కట్టెలు. మనం పీల్చిన ప్రాణవాయువు ఈ పొయ్యిలకు గాలి. కట్టెలూ గాలీ కలిసి పొయ్యిలో మండితే ఏ.టి.పి. తయారవుతుంది.

పొయ్యి అవసరం ఎంతటిదో ఒక లెక్క చూడండి. ప్రాణవాయువు లేకుండా, మైటోకాండ్రియా సహాయం లేకుండా ఒక గ్లూకోజు అణువు నుండి కండరానికి దక్కేది 2 ఏ.టి.పి. అణువులు మాత్రమే. అదే గ్లూకోజు మైటోకాండ్రియాలో పూర్తిగా మండితే సుమారు 30 వస్తాయి. ఇక కొవ్వు అయితే మైటోకాండ్రియా లేకుండా మండనే మండదు.

మామూలుగా ఉండే మనిషి తొడ కండర కణంలో మైటోకాండ్రియా ఆక్రమించే చోటు నూటికి సుమారు నాలుగైదు పాళ్ళు. ఎక్కువ దూరాలు పరుగెత్తే క్రీడాకారుల కండరంలో ఇది ఇంకా చాలా ఎక్కువ. అయితే వాళ్ళు పుట్టుకతోనే అలా ఉన్నారా, లేక వ్యాయామం వల్ల అలా అయ్యారా?

ఈ సంగతి ఎలా తెలిసింది?

ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం నుండి వచ్చింది. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ జాన్ హాలోజీ ఎలుకలను తిరిగే పట్టా మీద పరుగెత్తించారు. దూరమూ వేగమూ క్రమంగా పెంచుతూ 12 వారాలు శిక్షణ ఇచ్చారు. తర్వాత వాటి కాలి కండరాలను పరీక్షిస్తే, మైటోకాండ్రియాలో పనిచేసే ముఖ్యమైన ఎంజైముల శక్తి ఇంచుమించు రెట్టింపు అయింది. శిక్షణ లేని ఎలుకలు అరగంటలోనే అలసి ఆగిపోతే, శిక్షణ పొందినవి సుమారు మూడు గంటలు పరుగెత్తగలిగాయి.

మరి మనుషుల సంగతి? మనిషి కండరాన్ని కోయకుండా చూడడం ఎలా? 1962లో స్వీడన్ దేశపు డాక్టర్ జోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, తొడ కండరం నుండి సూదితో చిన్న ముక్క తీసే పద్ధతిని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఆ చోట మత్తు ఇచ్చి, చిన్న గాటు పెట్టి, గింజంత ముక్క తీస్తారు. ఆ పద్ధతి వచ్చాక వ్యాయామానికి ముందు, తర్వాత ఒకే మనిషి కండరాన్ని పోల్చి చూడడం వీలైంది.

1973లో ఫిలిప్ గాల్నిక్, ఆయన సహచరులు ఆరుగురు పురుషులకు ఐదు నెలల పాటు, వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట చొప్పున గట్టి వ్యాయామం చేయించారు. వారి ఒళ్ళు ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నూటికి 13 పాళ్ళు పెరిగింది. కానీ తొడ కండరంలో మైటోకాండ్రియాకు చెందిన ఒక ఎంజైము శక్తి నూటికి 95 పాళ్ళు, అంటే దాదాపు రెట్టింపు పెరిగింది. బయటకు కనిపించిన మార్పు కంటే లోపల జరిగిన మార్పు ఎన్నో రెట్లు పెద్దది.

1985లో స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ హోప్పెలర్ బృందం ఇంకొక పరీక్ష చేసింది. శిక్షణ లేని పదిమందిని ఆరు వారాల పాటు, వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నిలవ సైకిలు మీద గట్టిగా తొక్కించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే కండరంలో మైటోకాండ్రియా ఉండే చోటు నూటికి 40 పాళ్ళు పెరిగింది. వాటికి రక్తం చేరవేసే సన్నని రక్తనాళాలు కూడా పెరిగాయి. పొయ్యిలు పెరిగితే సరిపోదు కదా, గాలీ కట్టెలూ తెచ్చే దారులు కూడా పెరగాలి. శరీరం రెండూ చూసుకుంటుంది.

కండరానికి ఎలా తెలుస్తుంది?

పెళ్ళివారి ఇంట్లో భోజనాలకు జనం పెరిగితే పెరట్లో గాడిపొయ్యి తవ్వుతారు. జనం లేనప్పుడు ఎవరూ తవ్వరు. కండరం కూడా అంతే. పని పెరిగిందన్న కబురు అందితేనే కొత్త పొయ్యిలు వేస్తుంది.

ఆ కబురు ఇలా అందుతుంది. కండరం ముడుచుకున్న ప్రతిసారీ దాని లోపల కాల్షియం విడుదలవుతుంది. ఏ.టి.పి. వేగంగా ఖర్చవుతున్నప్పుడు ఏ.ఎం.పి.కె. అనే కాపలాదారు ఎంజైము మేలుకుంటుంది. ఇవి, మరికొన్ని సంకేతాలు కలిసి పి.జి.సి.-1 ఆల్ఫా అనే ప్రొటీనును పనిలో పెడతాయి. బోస్టన్ నగరంలోని బ్రూస్ స్పీగల్‌మన్ ప్రయోగశాల 1998లో దీనిని కనుగొంది. కొత్త మైటోకాండ్రియాకు కావలసిన జన్యువులను మేల్కొలిపే మేస్త్రీ ఇదే అనుకోవచ్చు.

ఇందులో ఒక విశేషం ఉంది. మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఏ. ఉంది. అందులో 37 జన్యువులు ఉంటాయి. అది మనకు తల్లి నుండి మాత్రమే వస్తుంది. కానీ ఆ 37 జన్యువులు చాలవు. మైటోకాండ్రియాకు కావలసిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం కణ కేంద్రకంలోని జన్యువుల నుండి తయారై వస్తాయి. రెండు చోట్ల పని ఒక క్రమంలో జరిగితేనే పాత మైటోకాండ్రియా పెరిగి, చీలి, కొత్తవి ఏర్పడతాయి. పాడైపోయిన వాటిని తీసివేసే పని కూడా వ్యాయామం వల్ల చురుకవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఒక్కసారి వ్యాయామం చేస్తే ఈ కబురు కొన్ని గంటలు మాత్రమే వినిపిస్తుంది. మరునాటికి దాదాపు మామూలు స్థితికి వస్తుంది. ఒక రోజు కబురుతో తయారైన కొద్దిపాటి ప్రొటీన్ల మీద, మరో రోజు కబురుతో తయారైనవి చేరుతూ పోవాలి. అందుకే ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు నడిచి ఆరు రోజులు కూర్చోవడం కంటే, రోజూ అరగంట నడవడం మేలని చెబుతాము.

మైటోకాండ్రియా పెరిగితే మీకేమిటి లాభం?

మొదటిది, అదే పని తేలిక అవుతుంది. మునుపు బజారు నుండి సంచి మోసుకు వచ్చేసరికి కాళ్ళు పట్టేసేవి. ఇప్పుడు అదే పనిని ఎక్కువ పొయ్యిలు పంచుకుంటాయి కాబట్టి ఒక్కొక్క దాని మీద భారం తగ్గుతుంది. లాక్టిక్ ఆమ్లం తక్కువగా తయారవుతుంది.

రెండవది, కండరం కొవ్వును ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండరంలో నిలవ ఉన్న చక్కెర పొదుపుగా ఖర్చవుతుంది. అందువల్ల అలసట ఆలస్యంగా వస్తుంది.

మూడవది, పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. షుగరు ఉన్నవారికి ఇది ఎంతో మేలు.

ఏ కండరానికి పని ఉంటే ఆ కండరానికే లాభం

1976లో స్వీడన్ దేశస్థుడు బెంగ్ట్ సాల్టిన్, ఆయన సహచరులు కొందరిచేత ఒక్క కాలితోనే సైకిలు తొక్కించారు. రెండో కాలికి విశ్రాంతి. నాలుగు వారాల తర్వాత చూస్తే తొక్కిన కాలిలో మైటోకాండ్రియా ఎంజైములు పెరిగాయి, విశ్రాంతి తీసుకున్న కాలిలో పెరగలేదు. గుండె ఒక్కటే, రక్తం ఒక్కటే, తిన్న తిండి ఒక్కటే. అయినా పనిచేసిన కాలు బాగుపడింది, చేయనిది అలాగే ఉండిపోయింది.

దీని నుండి మనం నేర్చుకోవలసిన పాఠం తేలికగానే కనిపిస్తుంది. బలాన్ని బయట నుండి సీసాలో కొని తెచ్చుకోలేము. మన బదులు ఇంకొకరు నడిచి మనకు ఇవ్వలేరు.

ఆపేస్తే ఏమవుతుంది?

1977లో స్వీడన్‌లో యాన్ హెన్రిక్సన్, రైట్‌మన్ అనే ఇద్దరు ఇదే పరీక్షించారు. ఎనిమిది నుండి పది వారాలు శిక్షణ పొందినవారిని వ్యాయామం ఆపమన్నారు. ఆరు వారాలు గడిచేసరికి కండరంలోని మైటోకాండ్రియా ఎంజైములు మొదటి స్థితికి వచ్చేశాయి. రెండు నెలలకు పైగా కష్టపడి సంపాదించినది నెలన్నరలో పోయింది.

పెళ్ళి అయిపోయాక గాడిపొయ్యిని పూడ్చేస్తారు కదా, అలాగే కండరం కూడా పని లేని పొయ్యిలను ఉంచుకోదు. ఇంట్లోవారిని "నువ్వు కూర్చో" అని కదలనివ్వకపోతే జరిగేది ఇదే. మంచం పట్టి లేచినవారికి రెండు మెట్లు ఎక్కగానే ఆయాసం రావడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి. కానీ నిరుత్సాహపడకండి. పోయినది మళ్ళీ వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టడమే కావలసినది.

పెద్ద వయసులో, షుగరు ఉన్నప్పుడు కూడా వస్తుందా?

వస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సగటున 67 ఏళ్ళ వయసున్న వారిచేత 12 వారాలు వ్యాయామం చేయించి 2006లో ఫలితాలు ప్రకటించారు. వారి కండరాలలో మైటోకాండ్రియా స్పష్టంగా పెరిగాయి. అదే చోట 2007లో, టైప్ 2 మధుమేహం ఉన్నవారు సుమారు నాలుగు నెలలు మితమైన వ్యాయామం చేసి, ఆహారం తగ్గించుకుని బరువు తగ్గితే, మైటోకాండ్రియా నూటికి 67 పాళ్ళు పెరిగినట్టు తేలింది. వారి షుగరు అదుపు కూడా మెరుగైంది.

ఇక్కడ మన గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మేయో క్లినిక్ పరిశోధకులు 2008లో అమెరికాలో ఉంటున్న భారతీయులను, ఉత్తర ఐరోపా సంతతి వారితో పోల్చి చూశారు. భారతీయుల కండరాలలో మైటోకాండ్రియా శక్తి తక్కువగా లేదు, పైగా ఎక్కువగానే ఉంది. అయినా వారి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదు. అంటే షుగరు వ్యాధి ఒక్క మైటోకాండ్రియాతో తేలే లెక్క కాదు. నడుస్తున్నాము కదా అని మందులు మానకండి, ఆహార నియమం వదలకండి. నడకా, ఆహారమూ, మందూ మూడూ కలిసే పనిచేస్తాయి.

ఎలా మొదలుపెట్టాలి?

1. మొదటి రెండు వారాలు: రోజుకు 10 నిమిషాలు. ఇంటి ముందు వీధిలో అయినా, మేడ మీద అయినా సరే.

2. మూడు, నాలుగు వారాలు: ఉదయం 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు. భోజనం తర్వాత కాసేపు నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగరు తగ్గుతుంది.

3. ఐదో వారం నుండి: నెమ్మదిగా రోజుకు 30 నిమిషాలకు, వారానికి ఐదు రోజులకు పెంచండి. అప్పుడు వారానికి 150 నిమిషాలు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవారికి సూచించినది వారానికి 150 నుండి 300 నిమిషాల మితమైన వ్యాయామం.

4. వేగం ఎంత? పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత ఊపిరి ఆడాలి. కబుర్లు చెప్పుకుంటూ ఆగి ఆగి నడిస్తే కండరానికి కబురు అందదు.

పైన చెప్పిన పరీక్షలలో చాలావరకు గట్టిగా తొక్కిన సైకిలు వ్యాయామాలు. మీరు నడకతో అంత మార్పును ఆశించనక్కరలేదు. కానీ ఇంతకాలం కదలని కండరానికి చురుకైన నడక కూడా పెద్ద కబురే. అది తేలికయ్యాక వేగమో సమయమో కొంచెం పెంచండి.

జాగ్రత్తలు

* నడుస్తుండగా ఛాతీలో నొప్పి, బిగబట్టినట్టు ఉండడం, కళ్ళు తిరగడం, గుండె దడ, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే ఆగండి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఇది కండరానికి అలవాటు లేకపోవడం వల్ల వచ్చిన అలసట అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

* గుండె జబ్బు ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు, షుగరు వల్ల కంటి నరాలు దెబ్బతిన్నవారు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి.

* ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దించే మాత్రలు గానీ వాడేవారు జేబులో కాస్త చక్కెరో గ్లూకోజో ఉంచుకోండి. చెమటలు, వణుకు, కళ్ళు చీకట్లు కమ్మడం షుగరు పడిపోయిన గుర్తులు.

* షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకండి. ఇంటికి వచ్చాక పాదాలు చూసుకోండి. చిన్న పుండును కూడా అశ్రద్ధ చేయకండి.

* జ్వరం ఉన్న రోజు విశ్రాంతి తీసుకోండి. ఎండ ముదరకముందే నడక ముగించండి.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: రోజంతా ఇంటి పనీ పొలం పనీ చేస్తూనే ఉన్నాను. మళ్ళీ నడక ఎందుకు?

జవాబు: ఊపిరి వేగం పెరిగేలా చేసే పని ఏదైనా లెక్కలోకి వస్తుంది. నాట్లు వేసేవారికి, బరువులు మోసేవారికి వేరే నడక అంతగా అవసరం ఉండకపోవచ్చు. కానీ నిలబడి వంట చేయడం, కొట్టులో కూర్చోవడం అలసటను ఇస్తాయే గాని కండరానికి కబురు అందించవు.

ప్రశ్న: బలానికి విటమిన్ మాత్రలు వేసుకుంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. నార్వేలో 2014లో ప్రచురించిన ఒక పరీక్షలో, 11 వారాల శిక్షణతో పాటు రోజూ పెద్ద మోతాదులో విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకున్నవారి కండరాలలో మైటోకాండ్రియాకు సంబంధించిన కొన్ని మార్పులు తక్కువగా కనిపించాయి. డాక్టరు రాసిన మాత్రలు మానకండి. రాయని మాత్రలు కొనకండి. ఎంత విశ్రాంతి తీసుకున్నా నీరసం పోకపోతే ఒకసారి రక్తహీనత పరీక్ష చేయించుకోండి. రక్తం తక్కువైతే పొయ్యికి గాలి అందదు.

ప్రశ్న: రెండు నెలలు నడిచాను, బరువు తగ్గలేదు. వృథా అయినట్టేనా?

జవాబు: కాదు. మైటోకాండ్రియా పెరిగినది తూకం మీద కనిపించదు. మునుపు రెండుసార్లు ఆగి ఎక్కిన మెట్లు ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నారా? అయితే లోపల పని జరుగుతోంది.

ప్రశ్న: నడిస్తే పిక్కలు నొప్పి పుడుతున్నాయి.

జవాబు: మొదటి వారంలో వచ్చే తేలికపాటి నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కానీ కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగగానే తగ్గి, మళ్ళీ నడిస్తే వస్తుంటే అది కాలి రక్తనాళాల జబ్బు కావచ్చు. డాక్టరుకు చూపించండి. పొగ తాగేవారు మరీ జాగ్రత్త.

గుర్తుంచుకోండి

* కండరంలో శక్తి నిలవ ఉండేది కొద్దిగానే. అది ఎప్పటికప్పుడు మైటోకాండ్రియాలో తయారవుతుంది.
* క్రమం తప్పని వ్యాయామంతో వారాలలోనే మైటోకాండ్రియా పెరుగుతాయి. పెద్ద వయసులోనూ, షుగరు ఉన్నా పెరుగుతాయి.
* పనిచేసిన కండరంలోనే పెరుగుతాయి. పని ఆపితే వారాలలోనే తగ్గిపోతాయి.
* నడక మందులకు బదులు కాదు, మందులకు తోడు.

ఈసారి మీ ఇంట్లో పెద్దవారు "ఓపిక లేదు" అంటే, "కూర్చో" అనకండి. చెప్పులు తెచ్చి ఇచ్చి, "రండి, వీధి చివరి వరకు వెళ్ళివద్దాము" అనండి. మొదటి రోజు వీధి చివరి వరకే చాలు. నెల తిరిగేసరికి వారే మిమ్మల్ని తొందర పెడతారేమో చూడండి.